గోడ మీద గీత: సింగ్‌నగర్‌లో మా ప్రాజెక్టు డైరీ

మే 5, సోమవారం

ఫారం నాలుగు పేజీలు. ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా, గ్యాస్ ఉందా, పిల్లలు బడికి వెళ్తున్నారా. డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అంటే 180 గంటలు, ఇలాంటి ఫారాలు ఒక కట్ట, చివర్లో స్పైరల్ బైండింగ్. సీనియర్ల రికార్డు తెచ్చుకుని ఊరి పేరు మార్చేస్తే పనైపోతుందని మా క్లాసులో అందరికీ తెలుసు. దాచడమెందుకు, మేమూ ఆ ప్లాన్‌తోనే బయల్దేరాం.

మొదటి ఇంట్లోనే ఆగిపోయాం. విజయవాడ సింగ్‌నగర్‌లో, పైపుల రోడ్డుకి దగ్గర్లో ఒక సందు. ఆవిడ బియ్యం ఏరుకుంటూ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. "టీవీ ఉందా అమ్మా?" అని అడిగితే గడ్డంతోనే గోడ వైపు చూపించింది. "ఉండేది. అదిగో, ఆ గీత కింద."

అప్పటిదాకా మాకు కనపడలేదు. గది చుట్టూ ఒకటే ఎత్తులో టీ రంగు గీత. దాని పైన గోడ లేత ఆకుపచ్చ, కింద అదే ఆకుపచ్చ బురద తాగి బూడిద రంగైపోయింది, అక్కడక్కడా పెచ్చులు లేచిపోయాయి. తలుపు చెక్క మీదా అదే గీత. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి వచ్చిన వరద నీళ్లు.

ఫారంలో దీనికి గడి లేదు.

సాయంత్రం టీ కొట్టు దగ్గర తేల్చుకున్నాం. ఒక ఆరు సందులు తీసుకుని గీత ఉన్న ప్రతి ఇంట్లో ఎత్తు కొలుద్దాం. సార్‌కి ఫోన్ చేస్తే "చెయ్యండి, కానీ ఫారాలు కూడా నింపండి" అన్నారు. సరే, రెండూ.

మేం నలుగురం. ఇక్కడ పేర్లు రాయొద్దని మావాళ్లు పట్టుబట్టారు కాబట్టి చేసే పనితోనే పిలుస్తాను. పొడుగ్గా ఉన్నవాడు టేపు. మంచి ఫోన్ ఉన్న అమ్మాయి కెమెరా. కృష్ణ ఒడ్డునున్న కృష్ణలంక నుంచి వచ్చేవాడికి ఇంకా పనేం దొరకలేదు. నేను పుస్తకం.

మే 7, బుధవారం

తలుపు కొట్టగానే "డబ్బులు మళ్లీ రాస్తున్నారా?" అని అడుగుతున్నారు. అప్పట్లో ప్రభుత్వం కింద అంతస్తు మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తుల వాళ్లకి 10,000 ప్రకటించింది. అప్పుడు లెక్క రాయడానికి వచ్చినవాళ్ల చేతుల్లో కూడా కాగితాలు, ఫోన్లే కదా. మా చేతుల్లోనూ అవే. ఒకాయనైతే మేం అడక్కముందే ఆధార్, బ్యాంకు పుస్తకం, మునిగిన బండి ఆర్సీ తెచ్చి మంచం మీద పరిచాడు. అవన్నీ మళ్లీ మడతపెట్టి కవర్లో పెట్టుకుంటుంటే చూడలేకపోయాం.

అందుకే రేపట్నుంచి మొదటి మాట ఇదీ అని రాసుకున్నాం: "అమ్మా, మేం గవర్నమెంటు వాళ్లం కాదు, డబ్బులేం రావు, కాలేజీ పిల్లలం, గోడ కొలుచుకుని పోతాం." ఇది చెప్తే కొన్ని తలుపులు మూసుకుంటాయని తెలుసు.

మే 9, శుక్రవారం

మూసుకున్నాయి. కానీ తెరిచినవాళ్లు కూర్చోబెట్టి మరీ మాట్లాడారు. ఆదివారం పొద్దున లేచేసరికి మంచం కోళ్ల దాకా నీళ్లు. సామాను మంచం మీదకి, మంచం మీంచి బల్ల మీదకి, చివరికి ఏదీ వద్దని మేడ మీదకి. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు. ఫ్లైఓవర్ దాకా వెళ్తేనే పడవ. పైనుంచి డ్రోన్ వస్తుంటే పిల్లలు భయపడాలో చప్పట్లు కొట్టాలో తెలియక చూస్తూ నిలబడ్డారట.

ఇవన్నీ వింటూ మా కృష్ణలంకవాడు ఒక్క మాట మాట్లాడలేదు. బయటకొచ్చాక చెప్పాడు. ఆ వరద రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి కృష్ణ పోతుంటే, వాళ్లంతా నది ఒడ్డున వరదకి అడ్డంగా కట్టిన రిటైనింగ్ వాల్ దగ్గర నిలబడి సెల్ఫీలు దిగారట. గోడ కట్టకముందు వరదొస్తే సామాను నెత్తిన పెట్టుకుని పరిగెత్తింది వాళ్లే. "ఈసారి మనం బతికిపోయాం అనుకున్నాంరా. ఊరికి రెండో వైపు ఏమైందో సాయంత్రానికి గానీ తెలీలేదు."

కెమెరాకి ఇవాళ చివాట్లు పడ్డాయి. ఒక మేడ ఇంటి బయటి గోడ మీద గీత బాగా కనిపిస్తుందని ఫోటో తీస్తుంటే ఇంటాయన బయటికొచ్చాడు. "ఏందమ్మా అది? తీసెయ్ ముందు. ఆ గీత నెట్‌లో పెడితే నా ఇంటికి రేటొస్తుందా? అద్దెకి కూడా ఎవడూ రాడు." అక్కడే నిలబెట్టి డిలీట్ చేయించాడు. టేపుకి కోపమొచ్చింది, నిజం దాస్తాడేంటి అని. నాకైతే ఆయన మాటే న్యాయంగా అనిపించింది. ఉన్న ఆస్తంతా ఆ ఇల్లే అయినవాణ్ణి, మా మార్కుల కోసం నుదుటి మీద రాసుకుని తిరగమంటే తిరుగుతాడా?

ఇకనుంచి బయటినుంచి ఫోటోలు తీయం. డోర్ నంబర్ రాయం. ఇంటికో అంకె, అంతే.

మే 12, సోమవారం

లెక్క కుదరడం లేదు. పందొమ్మిది ఇళ్లు కొలిచాం. ఒకే సందులో పక్కపక్క ఇళ్లు, ఒకదాంట్లో గీత గచ్చు నుంచి మూడడుగుల రెండంగుళాలు, పక్కదాంట్లో ఐదడుగుల పైన. టేపు వంకర పట్టుకుంటున్నాడని నేనూ, నేను తప్పు రాస్తున్నానని వాడూ. మళ్లీ వెళ్లి కొలిచాం. అవే అంకెలు.

అదే సందులో ఒక పెద్దాయన మా తంటా చూసి నవ్వాడు. ఆయన గుమ్మంలోకి వెళ్లాలంటే రోడ్డు మీంచి రెండు మెట్లు దిగాలి. "మేం కట్టుకున్నప్పుడు మా గడపకే రెండు మెట్లు ఎక్కేవాళ్లం బాబూ. రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది పోశారు. ఇల్లు అక్కడే ఉంది, రోడ్డు ఎదిగింది." కొత్తగా కట్టినవాళ్లు కొత్త రోడ్డు చూసుకుని మెరక పోసుకుని కట్టారు. పాత ఇళ్లు గుంటలో మిగిలాయి. మామూలు వానకి కూడా రోడ్డు మీద నీళ్లు ముందు ఎటు పోతాయో అడగక్కర్లేదు.

అంటే మేం ఇన్నాళ్లూ కొలిచింది నీళ్ల ఎత్తు కాదు. నేల ఎత్తుపల్లాలు.

మే 14, బుధవారం

ఆ పక్క వీధిలో గోడ కడుతున్న తాపీ మేస్త్రికి సమస్య చెప్పుకున్నాం. ఆయన సంచీలోంచి ఒక పారదర్శకమైన పైపు తీసి మా ముందు పడేశాడు. లెవల్ పైపు. నిండా నీళ్లు. రెండు కొసలూ ఇద్దరు పట్టుకుంటే, ఎంత దూరంలో ఉన్నా, మధ్యలో గోడలున్నా, రెండు కొసల్లో నీళ్లు ఒకటే మట్టానికి వచ్చి ఆగుతాయి. బళ్లో ఫిజిక్సులో చదివాం, మార్కులూ వచ్చాయి. చేత్తో పట్టుకోవడం మాత్రం ఇదే మొదలు.

"ఒక జీరో పెట్టుకోండి. కదలనిది చూసుకోండి" అన్నాడు. సందు మొదట్లో చిన్న గుడి ఉంది. దాని పై మెట్టు మా జీరో. పంతులుగారు "చాక్‌పీసుతో గీయండి, పెయింటు మాత్రం వద్దు నాయనా" అని ఒప్పుకున్నారు.

గాంధీనగర్‌లో హార్డ్‌వేర్ కొట్టుకెళ్లి ఇరవై మీటర్ల పైపు కొన్నాం. పైపు పట్టుకునే పని కృష్ణలంకవాడికి. ఇవాళ్టి నుంచి వాడి పేరు పైపు.

మే 16, శుక్రవారం

రెండు రోజుల పని బూడిదలో పోసిన పన్నీరు.

గుడి మెట్టు నుంచి మొదలుపెట్టి, ఇల్లిల్లూ దాటుకుంటూ, సందు చివరిదాకా వెళ్లి, ఇటువైపు వరసలో తిరిగి అదే మెట్టు దగ్గరికి వచ్చాం. ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే వస్తే తేడా సున్నా రావాలి. తొమ్మిది సెంటీమీటర్లు వచ్చింది. అంటే మధ్యలో ఎక్కడో తప్పాం, ఎక్కడో తెలీదు. పదకొండు ఇళ్ల లెక్క కొట్టేశాను.

మేస్త్రి పైపు అందుకుని ఎండకి ఎదురుగా పట్టాడు. మధ్యలో గోరంత గాలి బుడగ. "ఇదుంటే నీళ్లు అబద్ధం చెప్తాయి" అని పైపు మొత్తం ఖాళీ చేయించాడు. మేం కుళాయి కింద కొస పెట్టి నింపాం, అదీ తప్పు. బకెట్ మేడ మీద పెట్టి, కొస అందులో ముంచి, కింద కొస నోటితో ఒకసారి పీల్చి వదిలేస్తే నీళ్లు తమంతట తాము బుడగల్ని తోసుకుంటూ దిగుతాయి. మా కృష్ణలంకవాడి నోట్లోకి ఓ గుక్క వెళ్లింది. కనపడటానికి బకెట్‌లో నాలుగు చుక్కలు నీలిమందు కలిపాం కదా, సాయంత్రం దాకా వాడి పళ్లు నీలంగానే ఉన్నాయి. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసేటప్పుడు రెండు కొసలూ బొటనవేళ్లతో మూయాలి. చదివేటప్పుడు రెండూ తెరవాలి. ఒకటి మూసి ఉంటే నీళ్లు కదలవు. ఈ ఒక్క ముక్క మాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

మే 18, ఆదివారం

పని మానేసి వెలగలేరు వెళ్లాం. సింగ్‌నగర్‌లో పుట్టి పెరిగిన కుర్రాణ్ణి "బుడమేరు ఎక్కడ?" అని అడిగితే మురుగు కాలువ చూపించాడు. మాకూ అంతకన్నా తెలీదు, అందుకే వెళ్లాం.

మైలవరం వైపు కొండల్లో పడ్డ వాన ఇందులోకి దిగుతుంది. వెలగలేరు రెగ్యులేటర్ (నీళ్లు ఆపి వదిలే గేట్లు) దగ్గర దాన్ని పక్కకి మళ్లించి, డైవర్షన్ ఛానల్ మీదుగా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపేలా ఏర్పాటు. అటు పోనిది పాత దారిలో ఊరి పక్కనుంచి కొల్లేరుకి పోతుంది. చిక్కల్లా కృష్ణ కూడా నిండుగా ఉన్నప్పుడు. నిండుకుండలో ఇంకో చెంబు పోసినట్టే, కలవాల్సిన నీళ్లు కలవలేక వెనక్కి ఎగదన్నుతాయి. 2024లో రెండూ ఒకేసారి వచ్చాయి. డైవర్షన్ ఛానల్ కట్టకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆర్మీ కూడా దిగి, ఆఖరి గండి పూడ్చేసరికి సెప్టెంబరు 7.

మే ఎండలో ఏట్లో గేదెలు పడుకుని ఉన్నాయి. మోకాలి లోతు కూడా లేదు. ఇదా మనింట్లోకి వచ్చింది అన్నట్టు చూసి, బస్సెక్కి వచ్చేశాం.

మే 23, శుక్రవారం

సగం ఇళ్లకి సంక్రాంతికే రంగులేసేశారు. గీత లేదు. వదిలేద్దాం అనుకుంటే కెమెరా ఊరుకోలేదు. రంగులేసేవాడి బ్రష్ ఎక్కడికి వెళ్లదో అక్కడ చూడాలంది. అప్పట్నుంచి దొంగల్లా వెతుకుతున్నాం. దేవుడి క్యాలెండర్ వెనక. మెట్ల కింద, గ్యాస్ బండ పెట్టే మూల. మీటరు చెక్క వెనక.

అన్నిటికన్నా బాగా దొరికింది బీరువాల్లో. ఒకావిడ బీరువా బయట కొత్తగా రంగేయించారు. తలుపు తీసి చీరలు పక్కకి జరిపితే లోపలి రేకు మీద గీత, స్కేలు పెట్టి గీసినట్టు. గీత కింద రేకు తుప్పు పట్టి చేత్తో తడిమితే రాలుతోంది. ఆ అరలో చీరలన్నీ కొత్తవే. "పాతవి? పెళ్లి చీర ఒక్కటే ఉంచా, మిగతావి ఫైరింజన్ వాళ్లు వీధి కడిగిన రోజు వాటితో పాటే పోయినాయి" అంది. పెళ్లి చీర చూపించమని మేం అడగలేదు, ఆవిడే తీసింది. ముదురు వంకాయ రంగు పట్టు. కొంగు దగ్గర గీత.

అది కొలవలేదు.

మే 24, శనివారం

కుంకుమ బొట్ల ఇల్లు.

మూడో సందులో ఒక మామ్మగారు. కింద కొడుకు, పైన ఆవిడ. వరదలో పైనే ఉండిపోయారు. రోజూ పొద్దున్నే మెట్ల మీదికొచ్చి నీళ్లు ఎంతదాకా ఉన్నాయో చూసి, ఆ మట్టానికి గోడ మీద కుంకుమ బొట్టు పెట్టేదట. "పొద్దుపోక పెట్టా" అంది. ఎనిమిది బొట్లు. మెట్ల గోడకి రంగేయించనివ్వలేదు.

పైనుంచి మొదటి రెండూ జానెడు ఎడం. తర్వాత రెండూ ఒకదాన్నొకటి దాదాపు ఆనుకునే ఉన్నాయి. అక్కడ వేలు పెట్టి "ఆ పూట తగ్గలా. ఇంక తగ్గదేమో అనుకున్నా" అంది. ఐదో బొట్టు తర్వాత పెద్ద పెద్ద అంగలు. మా దగ్గరున్న గీతలన్నీ ఎంత ఎత్తుకి వచ్చిందో చెప్తాయి. ఎన్నాళ్లుందో, ఏ రోజు ఎంత తీసిందో చెప్పేది ఈ గోడ ఒక్కటే. సెంటీమీటర్లలో ఎనిమిదీ రాసుకున్నాం. పైపు బొటనవేలు కొస మీంచి తీయడం మర్చిపోయి రెండుసార్లు తిట్లు తిన్నాడు, వాడు గోడనే చూస్తున్నాడు.

వెళ్లేటప్పుడు మామ్మగారు మజ్జిగ ఇచ్చి అడిగింది: "ఈ ఏడు కూడా వస్తుందంటారా?" ఎవరం ఏమీ మాట్లాడలేదు.

మే 27, మంగళవారం

గంటసేపు వాన. పెద్దదేం కాదు. పెద్దాయన రెండు మెట్ల గుంట నిండింది. చెంబుతో తోడి రోడ్డు మీద పోస్తున్నాడు, అది మళ్లీ నెమ్మదిగా వెనక్కి వస్తోంది. మేమూ తలో చెంబు పట్టాం. సందులో చిన్న ఉరుము ఉరిమినా ఆడవాళ్లు అటకల వైపు చూస్తున్నారు.

జూన్ 3, మంగళవారం

మొత్తం మళ్లీ కొలిచాం. బుడగ లేకుండా. గుడి మెట్టుకి తిరిగొస్తే తేడా సెంటీమీటరున్నర. మేస్త్రి "పర్లేదు, ఇల్లు కట్టొచ్చు" అన్నాడు. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ మాకు అక్కర్లేదు.

రాత్రి హాస్టల్లో కూర్చుని లెక్క వేస్తుంటే చేతులు వణికాయి, నిజంగా. గచ్చు నుంచి కొలిస్తే మూడడుగులు, నాలుగు, ఐదు, ఇష్టమొచ్చినట్టు ఉన్న ఇళ్లు. గుడి మెట్టు నుంచి కొలిస్తే మూడో సందులో అన్ని ఇళ్ల గీతా నాలుగు సెంటీమీటర్ల తేడాలోకి వచ్చి కూర్చుంది. నీళ్లు అందరింటికీ ఒకే మట్టంలో వచ్చాయి. ఎవరి పీకల దాకా, ఎవరి మోకాళ్ల దాకా అన్నది మాత్రం వాళ్లు ఏ ఏడాది కట్టుకున్నారు, ఆ తర్వాత ఎన్ని రోడ్లు పోశారు అన్నదాన్ని బట్టి.

సార్‌కి షీటు పంపితే "గ్రాఫ్ పెట్టండి, ముందుమాటలో సామాజిక స్పృహ అనే మాట రావాలి" అన్నారు. గ్రాఫ్ పెట్టాం.

వార్డు సచివాలయంలో కాపీ ఇద్దామని వెళ్లాం. అక్కడొకాయన తిరగేసి చూసి, రోడ్డు వేసేముందు పాతది తవ్వాలని మీరూ రాశారా, మంచిదే అని ఫైల్లో పెట్టుకున్నాడు. ఆ ఫైలు లావు చూశాక దాని గురించి ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు.

జూన్ 10, మంగళవారం

ఫారాల లెక్క పూర్తి చేయడానికి ఆఖరి రోజు. మేస్త్రి కేకేశాడు. మే 9న కెమెరాతో ఫోటో డిలీట్ చేయించినాయన ఇల్లే. వెనకున్న రేకుల షెడ్డు పీకేసి వాళ్లమ్మకి గది కడుతున్నారు. గోడలు లేచాయి, ప్లాస్టరింగ్ కాలేదు.

ఆయన మమ్మల్ని గుర్తుపట్టాడు. కాసేపు ఇటూ అటూ చూసి అడిగాడు: "మీ దగ్గర మా ఇంటి గీత ఉందంట కదా?" బయట గోడకి ఎప్పుడో రంగేశారు. షీటులో ఆయన ఇల్లు అంకె 31. లోపల మెట్ల కింద గీత కొలవనిచ్చింది వాళ్లమ్మగారేనని ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది. పైపు నింపి, పాత గది మట్టం నుంచి కొత్త గదిలోకి తీసుకొచ్చి, ఇటుకల మీద చాక్‌పీసుతో గీశాం. కొత్త గచ్చు అడుగు మెరక చేస్తున్నారు, అయినా గీత నాలుగడుగుల ఎనిమిదంగుళాల దగ్గర వచ్చింది.

స్విచ్‌బోర్డు పెట్టేది మామూలుగా నాలుగున్నర అడుగుల దగ్గర.

"గీత మీద ఇంకో అడుగు పైకి పెట్టు" అన్నాడాయన. మేస్త్రి టేపు అడిగి తీసుకుని పైన గుర్తు పెట్టాడు. మనవరాలు, ఆరేళ్లుంటాయేమో, అక్కడే ఇసకలో ఆడుకుంటోంది. పిలిచి గోడకి నిలబెట్టారు. చెయ్యెత్తింది, అందలేదు. ఎగిరింది. ఆయన అమ్మగారూ వచ్చి చెయ్యెత్తి చూసుకుంది. ఆవిడకి అందింది గానీ "రాత్రిపూట చీకట్లో వెతుక్కోవాలా ఇంత ఎత్తు?" అంది.

ఇదే ఎత్తుకి వస్తుందని మీరు రాసిస్తారా అని ఆయన మమ్మల్ని అడిగాడు. నేను నిజం చెప్పాను: మా దగ్గరుంది పోయినసారి వచ్చిన గీత, వచ్చేసారిది కాదు. ఆయన ఇంకేం అడగలేదు. చాక్‌పీసు గీత వైపు చూస్తూ నిలబడ్డాడు.

మేస్త్రి తేల్చాడు. "మెయినూ, ఫ్యానూ, ప్లగ్గులూ అన్నీ పైన. లైటు స్విచ్చి ఒక్కటి విడిగా వైరు లాగి కింద పెడదాం. పోతే అదొక్కటే పోద్ది."

గీతకి అడుగు కింద, పిల్ల చేతికి అందేచోట, ఇటుకలో ఉలితో గాడి కొట్టడం మొదలుపెట్టాడు. మా టేపు ఆయన భుజం మీదే ఉండిపోయింది. రేపు వెళ్లి తెచ్చుకోవాలి.